మొదటి వరుసలోని శ్రీ

మా ముత్తాత తండ్రి లక్ష్మణరావు పటేల్ గుర్రం మీద తప్ప ఊరి పొలిమేర దాటలేదని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన కొడుకు రాజారావు కాలంలో నిజాంసాగర్ కాలువ మా పొలాల దాకా వచ్చింది. కాలువ పని చూడవచ్చిన ఇంజనీర్లకు మా ఇంటి ముందు పందిరి వేసి భోజనాలు పెట్టారు. మా తాత నర్సింగరావు ఊరి శిస్తు వసూలు చూసే మాలీపటేల్. బోధన్ చుట్టుపక్కల ఏ ఊళ్లో పొలం గట్టు తగవు వచ్చినా ఆయన మాట కోసం జనం మా అరుగు మీద ఎదురుచూసేవారు. తాత లోపలి నుంచి రావడానికి ఎప్పుడూ తొందరపడలేదు. మా బాపు కిషన్‌రావుకు ఆ పటేల్‌గిరీ చేతికొచ్చిన కొన్నాళ్లకే సర్కారు ఆ వ్యవస్థనే ఎత్తేసింది. నాకు ఏ పదవీ దక్కలేదు. అయినా ఈ పేర్లు ఈ వరుసలో రాయకుండా నా గురించి రాయడం నాకు చేతకాదు. చిన్నప్పుడు ఎవరైనా ఎవరి పిల్లగానివని అడిగితే, ముందు ఈ పేర్లన్నీ చెప్పి, చివర మా పేరు చెప్పాలని మాకు నేర్పారు.

ఆ అలవాటు నన్ను ఎక్కడిదాకా తీసుకుపోయిందో పోయిన నెల మళ్లీ గుర్తుకొచ్చింది. మా చెల్లెలి బిడ్డ స్వాతి హైదరాబాదులో కంప్యూటర్ చదువు చదువుతోంది. సెలవులకు వచ్చి, ఏమీ తోచక ఇంటర్నెట్‌లో మా ఇంటివాళ్ల పేర్లు వెతికింది. ఎక్కడో మూలన పడి ఉన్న పాత పేజీ ఒకటి దొరికింది. వెబ్‌సైట్ల పని కొత్తగా నేర్చుకునేవాళ్లు దేశదేశాల నుంచి ప్రశ్నలు రాస్తే, తెలిసినవాళ్లు జవాబులిచ్చే చోటు అది. అందులో ఇరవై ఏళ్ల కిందట నేను ఇంగ్లీషులో రాసిన ప్రశ్న ఉంది. మొదటి పేరాలో మా తాత పేరు, ఆయన హోదా. రెండో పేరాలో చదివేవారి క్షేమం కోరడం. మూడో పేరాలో ఒక గొప్ప ఇంటివాడు ఒక చిక్కులో ఉన్నాడన్న సూచన. స్వాతి మొత్తం చదివి, "మామా, గింతగనం రాసినవ్, ఇందుల క్వశ్చన్ ఏడున్నది?" అని అడిగింది. పిల్ల పడీపడీ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ పేజీ కంటపడగానే, అది రాసిన రోజులన్నీ ఒక్కసారి ముందుకొచ్చాయి.

అప్పుడు మేం నిజామాబాదులో రైల్వే గేటు అవతల ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఊళ్లో పెద్దిల్లు అప్పటికే కూలిపోయింది. దాని టేకు దూలాలు, తలుపులు ఎవరెవరి ఇళ్లకో చేరాయి. కిరాయి ఇంట్లో మాకు రెండు గదులు. ముందు గదిలో జంఖానా, తాత కూర్చున్న కుర్చీ, తాంబూలం ఉమ్మడానికి పెట్టే, తోమి తోమి అరిగిన ఇత్తడి తమ్మపడిగ ఉండేవి. దానికీ వెనక గదికీ మధ్య మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, తన పాత పట్టుచీరతో తెర కట్టింది. వచ్చినవాళ్ల చూపు ఆ తెర దాటేది కాదు. తెర వెనక జొన్నపిండి డబ్బా, కిరోసిన్ స్టవ్వు, దాని మసి, గోడకు నిలబెట్టిన చాపలు. బియ్యం నిండుకున్న రోజు కూడా అవ్వ ముందు గదిలో అగరొత్తి వెలిగించడం మానలేదు. ఇంటి లోపలిది ఇంటి లోపలే ఉండాలి. ఇది మాకు ఎవరూ చెప్పి నేర్పినది కాదు, గాలిలో ఉన్నట్టే ఉండేది.

బాపు రోజూ తెల్లవారే స్నానం చేసి, గంజి పెట్టిన ధోతి కట్టుకుని బోధన్ బస్సెక్కేవాడు. అన్నం వార్చిన గంజినే అవ్వ ఆ ధోతులకు పెట్టేది. ఇస్త్రీ వేడికి ఆ గంజి నుంచి వచ్చే వాసన మా ఇంటి పొద్దుటి వాసన. బస్సులో కండక్టర్ ముందు సీటు ఖాళీ చేయించి "కూసోండి పటేలా" అంటే ఆ రోజంతా బాపు ముఖం తేటగా ఉండేది. కొత్త కండక్టరెవరైనా వచ్చి టికెట్ టికెట్ అని భుజం తడితే, సాయంత్రం దాకా ఆ ముఖం ముడుచుకునే ఉండేది. ఆయన పోయేది కాలువ కింది మడికి. అంత ఆస్తిలో మిగిలింది అదొక్కటే. అందులో చెరుకు ఉండేది. చెరుకు ఆడే క్రషింగ్ రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే మొలాసిస్ వాసన, పుల్లగా, తీపిగా, బాపు భుజం మీది తువాలుతో పాటు మా ఇంట్లోకి వచ్చేది. ఆ వాసన వస్తే అవ్వకు ధైర్యం. ఆ ఏడు మాత్రం ఫ్యాక్టరీ అమ్ముతారని, మూస్తారని బస్టాండులో రోజుకో మాట వినిపించేది. చెరుకు వేసినవాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ తిరిగేవాళ్లు.

ఒకరోజు భోజనం దగ్గర బాపు, ఈ చెరుకు నరికినంక మడి అమ్మేద్దామన్నాడు. గొంతులో ఏ తేడా లేదు. అవ్వ ఇంకో గంటె అన్నం వడ్డించింది. ఎందుకని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. మా ఇంట్లో అడగడమనేది బయటివాళ్లు అరుగు మీద కూర్చుని చేసే పని. అప్పటికి నేను బీకాం చదివి, ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, ఆ బడి మూతపడితే ఊరికే ఉన్నాను. ముప్పై దాటబోతున్నాను. ఆ అన్నం తింటూనే, ఆ మడి పోకుండా ఆపగలిగే జీతం ఒకటి నాకు కావాలనుకున్నాను. ఆ మాట అవ్వకు మాత్రమే చెప్పాను. బాపుకు ఇప్పుడే చెప్పొద్దు, అయినంక చెబుదామని ఆమె అంది.

జీతం ఇవ్వగలిగినవాడు గంగారాం సేటు. ఆర్మూర్ రోడ్డులో అతనికి విత్తనాల గోదాము ఉంది. వేల్పూర్, ఏర్గట్ల రైతుల దగ్గర ఎర్రజొన్న కొని, శుభ్రం చేయించి, సంచుల మీద తన ముద్ర కొట్టించి ఉత్తరాదికి పంపేవాడు. గంగారాం తండ్రి మా తాత దగ్గర చెరుకు బండ్లు తోలేవాడు. గంగారాం తన రెక్కల మీద పైకొచ్చినవాడు. అది నేనెప్పుడూ కాదనలేదు. ఎక్కడో ఉన్న డీలర్లు తమ పేరుతో లోపలికి వచ్చి గోదాములో ఏ విత్తనం ఎంత ఉందో చూసుకుని బుక్ చేసుకునే వెబ్‌సైటు అతనికి కావలసి వచ్చింది. పట్నం కంపెనీల మీద అతనికి నమ్మకం కుదరలేదు. "నువ్వు నేర్చుకుంటున్నవట గద చిన్న పటేలా. చేసియ్యి. సీజన్ ముంగట మా డీలర్లు వస్తరు, వాళ్ల ముంగట నడవాలె. నడిస్తే ఆఫీసుల నీకు పర్మినెంటు కుర్చీ" అన్నాడు. నడవకపోతే ఏమిటో అతను చెప్పలేదు. నాకు తెలుసు.

నేర్చుకుంటున్న మాట నిజమే. ఖలీల్‌వాడిలో ఒక మందుల దుకాణం పైన చిన్న కంప్యూటర్ సెంటరు ఉండేది. కింద ఆసుపత్రుల నుంచి స్పిరిట్ వాసన మెట్ల మీదుగా పైకి వచ్చేది. వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ, వాటి సమాచారం దాచే మైఎస్‌క్యూఎల్ చెప్పేది రజియా మేడం. బోధన్‌లో పాత కుటుంబం వాళ్లది. వాళ్ల తాత తాసిల్ కచేరీలో పేష్కారుగా చేశాడు. మా తాతను ఎరిగినవాళ్లే. క్లాసులో మిగతా అందరూ నాకంటే బాగా చిన్నవాళ్లు. వాళ్లు ఏది పడితే అది అడిగేవారు. పేజీ ఒకచోట, సమాచారం ఒకచోట ఎందుకుండాలి మేడం? నేను రాసింది నా సిస్టంలో వస్తది, పక్క సిస్టంలో ఎందుకు రాదు? టేబుల్‌లో ఒక్కని పేరు మార్చమంటే అందరి పేర్లు మారినయేంది? పాస్‌వర్డ్ ఎక్కడ దాగుంటది? ఆ ప్రశ్నలన్నీ నావి కూడా. ఒక్కటీ నా నోటి నుంచి రాలేదు. వాళ్లెవరైనా అడిగేదాకా కాచుకుని, జవాబు చెబుతుంటే కిటికీ వైపు చూస్తున్నట్టు కూర్చుని వినేవాణ్ణి. నా ప్రశ్న ఎవరూ అడగని రోజు, అది తెలియకుండానే ఇంటికి నడిచి వచ్చేవాణ్ణి.

అయినా పని సాగింది. డీలర్ల పేర్ల టేబుల్ చేశాను, విత్తనాల టేబుల్ చేశాను. గోదాములో ఉన్న సరుకు పేజీ మీద వరుసగా కనిపించిన రోజు అవ్వకు చెబితే, ఆమె దేవుని ముందు బెల్లం ముక్క పెట్టింది. అసలు కష్టం లాగిన్ దగ్గర వచ్చింది. డీలరు తన పేరు, పాస్‌వర్డ్ కొట్టగానే పేజీ అతన్ని గుర్తుపెట్టుకుని లోపలికి తీసుకుపోవాలి. నాది గుర్తుపెట్టుకునేది కాదు. దాని బదులు, హెడర్లు ముందే పోయాయని ఒక హెచ్చరిక వచ్చేది. లోపం మొదటి వరుసలో ఉందని కూడా అదే చెప్పేది. మొదటి వరుసలో లోపమేమిటో నాకు అర్థమయ్యేది కాదు. అక్కడ ఉన్నది శ్రీ.

శ్రీ గురించి చెప్పాలి. మా ఇంట్లో ఏ కాగితం మీదైనా ముందు శ్రీ రాసి, తర్వాతే మరేదైనా రాసేవారు. తాత కలం సిరాలో ముంచి, మొదట పైన శ్రీ చుట్టి, అది ఆరేదాకా ఆగేవాడు. శ్రీ లేకుండా వచ్చిన కాగితాన్ని చదవకుండానే తిప్పి పంపేవాడు. మేం పలక మీద ఎక్కం రాసినా, అవ్వ కిరాణా చీటీ రాసినా అంతే. చావు కబురు రాసే కాగితం మీద మాత్రమే శ్రీ ఉండేది కాదు. చిన్నప్పుడు ఒకసారి లెక్కల కాపీ పుస్తకంలో శ్రీ మరిచిపోతే తాత ఆ పేజీ చింపి, మడిచి, నా చేతికిచ్చాడు. ఆ వారమంతా ఇంట్లో ఎవరు దగ్గినా చావు వస్తుందేమోనని నేను భయపడ్డాను. కాబట్టి గంగారాం పని మొదలుపెట్టిన రోజు, ప్రతి ఫైలుకూ అన్నిటికంటే పైన, పీహెచ్‌పీ మొదలయ్యే గుర్తు కంటే ముందు, ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ అని కొట్టాను. పేజీ తెరిస్తే ఎడమ మూలన చిన్నగా కనిపించేది. అది చూస్తే నాకు కొంచెం నెమ్మదిగా ఉండేది.

డీలర్లు వచ్చే రోజు దగ్గరపడింది. అప్పుడే నేను ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి ఆ పొడుగాటి ప్రశ్న రాశాను. పేరు తెలియని పరాయివాళ్లను అడగడం అంత తలవంపు కాదనిపించింది. వాళ్లు మర్యాదగానే, ముందు నీ కోడ్ చూపించు అన్నారు. చూపించడం అంటే తెర ఎత్తడమే. మనసు ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకున్నాను. కోడ్ అంతా పెట్టాను, పైన ఉన్న శ్రీ తప్ప. అది కోడ్ కాదు కదా, అది మా ఇంటిది. ఒకరు, నీ కోడ్ మా దగ్గర బాగానే నడుస్తోంది అని రాశారు. మరొకరు, ఇందులో తప్పేమీ లేదు, నీ సర్వర్ మార్చుకో అన్నారు. తప్పు లేని పని నడవకపోవడం కంటే భయం మరొకటి లేదు. కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో నల్లబడ్డ కంప్యూటర్ తెర ముందు కూర్చుని, ఇది విద్య సంగతి కాదు, మా ఇంటికే కలిసిరాదు అనుకునే దాకా వచ్చాను. బాపు రోజూ బోధన్ పోయి వస్తూనే ఉన్నాడు. ఒకరోజు ఆయన వెంట ఇద్దరు కొత్త మనుషులు వచ్చి, ముందు గదిలో కూర్చుని, మడికి నీళ్లు ఏ తూము నుంచి వస్తాయని అడిగిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం కంప్యూటర్ సెంటరులో పిల్లలంతా తిండికి పోయారు, నేను కదల్లేదు. రజియా మేడం తన టిఫిన్ డబ్బా మూత పెట్టి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. "రావుసాబ్, అందరికంటె ముందుగాల వస్తరు, అందరు పోయినంక పోతరు. ఇన్ని దినాలల్ల ఒక్క మాట అడగలే. ఏం పరేషానీ ఉన్నది?" అంది. ఏమీ లేదన్నాను. ఆమె నవ్వింది. "మా దాదా గూడ గిట్లనే. దవాఖానకు తీస్కపోతే నొప్పి ఏడనో డాక్టర్‌కు చెప్పలే. నువ్వు డాక్టర్‌వి, నువ్వే చెప్పు అన్నడు." నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులో పట్టు కొంచెం సడలింది. జేబులోంచి కాగితం తీసి, అందులో రాసుకున్న కోడ్ చూపించాను. శ్రీ ఉన్న పై అంచును వెనక్కి మడిచే ఉంచాను. ఆమె చదివి, ఇది సరిగ్గానే ఉంది, కాగితం కాదు, అసలు ఫైలు తెరవమంది. తెరిచాను. మొదటి వరుస కనబడకుండా కిందికి జరిపాను. ఆమె కీబోర్డు తన వైపు లాక్కుని పైకి జరిపింది.

శ్రీ కనిపించింది. ఆమె నవ్వుతుందని చెవులు వేడెక్కాయి. ఆమె నవ్వలేదు. వేలితో దాన్నే చూపించి, "మా అబ్బా గూడ అన్నిటికంటె ముందుగాల బిస్మిల్లా అని 786 రాస్తడు. పాలచీటీ మీద గూడ రాస్తడు" అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. సర్వరు బ్రౌజరుకు పేజీ కంటే ముందు హెడర్లనే కొన్ని ఆదేశాలు పంపాలి. ఈ మనిషిని గుర్తుపెట్టుకో అన్నది అందులో ఒకటి. పేజీలోంచి ఒక్క అక్షరం ముందుగా బయటికి పోయినా, ఇక ఆ ఆదేశం పంపడానికి వీలుండదు. మీ శ్రీ అందరికంటే ముందు పోతోంది, అంతే. అర్థమైంది. అర్థమవగానే ఇంకో భయం పట్టుకుంది.

"తీసేయలేను మేడం" అన్నాను. "శ్రీ లేని కాగితం మా ఇండ్లల్ల చావుకే రాస్తరు."

"తీసేయమని ఎవరన్నరు? లోపటికి జరుపుండ్రి" అంది. పీహెచ్‌పీ మొదలయ్యే గుర్తు తర్వాత రెండు ఏటవాలు గీతలు కొట్టింది. వాటి పక్కన శ్రీ తనే రాసింది. "గీ గీతల ఎన్క ఉన్నది మిషన్ చదువది, బయటికి పంపది. ఫైలు తెరిచినోనికి మాత్రం కనిపిస్తది. మీ తాతకు గూడ కనిపిస్తది."

లాగిన్ నడిచింది. ఒకటికి పదిసార్లు నడిపించి చూసుకున్నాను. ఆమె తన డబ్బా మూత తీసి, చల్లబడిన ఖిచిడీ తినడం మొదలుపెట్టింది.

డీలర్లు వచ్చిన రోజు ఆర్మూర్‌లో కరెంటు ఉంది. ఫోను లైను రెండుసార్లు తెగి మూడోసారి నిలిచింది. ఉత్తరాది పెద్దమనిషి ఒకాయన తన పేరు తనే కొట్టుకుని లోపలికి పోయి, ఎర్రజొన్న వరుస మీద వేలు పెట్టి, పక్కవాడికి హిందీలో ఏదో చెప్పి తలూపాడు. గంగారాం ముఖం వెలిగిపోయింది. నా భుజం మీద చెయ్యి వేసి, "మా ఆఫీసు పిల్లగాడు. మాధవ్, జెర వీళ్లకు చాయ్ చెప్పు" అన్నాడు. అతని మాటలో చెడు ఏమీ లేదు. సంతోషంలో అన్నాడు. నేను కిందికి దిగి చాయ్ చెప్పి వచ్చాను. మెట్లెక్కుతుంటే నాకు మడి తప్ప మరేదీ తోచలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి, మొదటిసారి బాపుకు అంతా చెప్పాను. వెబ్‌సైటు, కుర్చీ, జీతం అన్నీ చెప్పి, మడి అమ్మే అవసరం ఇక లేదన్నాను. అవ్వ తెర పక్కన నిలబడి ఉంది. బాపు తాత కుర్చీలో నిటారుగా కూర్చుని అడ్డు చెప్పకుండా విన్నాడు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు.

"గంగారాం నిన్ను ఏమని పిలిచిండు?"

అబద్ధం ఆడితే సరిపోయేది. మా ఇంట్లో అబద్ధం లేదు. "మాధవ్ అన్నడు" అన్నాను.

"ఇంకేమన్నడు?"

"చాయ్ చెప్పుమన్నడు."

బాపు తువాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "మడి పోతే ఒక్కదినం పోతది. గా ఇజ్జత్ రోజూ పోతది" అన్నాడు. అవ్వ మొదటిసారి మాట్లాడింది. పిలిస్తే పిలిచిండు, పిల్లగాడు కష్టపడి నిలబెట్టిండు, జెర ఆగమంది. నేను కూడా ఒక మాట అని ఉంటే బాపు ఆగేవాడేమో. నేను అనలేదు. నాకు ఆయన మాట తప్పనిపించలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ అనిపించదు.

ఆ కుర్చీలో నేను కూర్చోలేదు. వెబ్‌సైటు గంగారాంకు అప్పగించి, దాన్ని ఎలా నడపాలో అతని మేనల్లుడికి చెప్పి వచ్చాను. తర్వాత బాపు ఇప్పించిన కంప్యూటర్లతో నిజామాబాదులోనే నాదంటూ ఒక సెంటరు పెట్టుకుని చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. వచ్చిన పిల్లలు మొదటి రోజు ఎవరి పిల్లలో, ఏ ఊరో చెప్పి కూర్చోవాలి. ఆ తర్వాత ఎంత చిన్న సంగతైనా అడగొచ్చు. అడిగినందుకు నా దగ్గర ఎవరూ చిన్నబోలేదు. ఇప్పుడు స్వాతి ఫోనును అడుగుతుంది. సంబోధన లేదు, క్షేమం లేదు, ఎవరి మనవరాలో చెప్పడం లేదు. తప్పు కనిపించిన వరుసను ఉన్నదున్నట్టు పెట్టి, ఇది ఎందుకు రాదు అంటుంది. క్షణంలో జవాబు వస్తుంది. పిల్ల నీళ్లు తాగినంత తేలిగ్గా ముందుకు పోతుంది. అది మంచిదే. నేను అన్నాళ్లు పడ్డ భయం దానికి అక్కర్లేదు. కాని ఆ పిల్ల అడిగినదానికి జవాబు చెప్పినవాళ్లెవరో దానికి తెలియదు. దాని తాత పేరు వాళ్లకు తెలియదు. ఆ మధ్యాహ్నం రజియా మేడం తన అన్నం పక్కన పెట్టి వచ్చి కూర్చున్నట్టు, దాని పక్కన ఎవరూ వచ్చి కూర్చోరు. ఈ రెంటిలో ఏది ఎక్కువో నేను తూచలేను.

ఆ ఏడు చెరుకు నరకక ముందే, నిలిచి ఉన్న పంటతో, బావి మోటరుతో సహా, కాలువ కింది మడిని బాపు వర్ని వైపు ఒక రైతుకు అమ్మేశాడు. నా సెంటరు కంప్యూటర్లు ఆ డబ్బుతో వచ్చినవే.